జీడిపండు, పులిసిన మేత, బ్రాయిలర్ కోడి: తేలిన లెక్కలు, తేలని వాదాలు

బ్రాయిలర్ పెంపకంలో రూపాయి ఖర్చయితే అందులో 65 నుంచి 70 పైసలు దాణాకే పోతాయి. ఆ దాణాలో సగానికి పైగా మొక్కజొన్న, పావు వంతుకు మించి సోయా చెక్క. ఈ రెండింటి ధర ఎగబాకినప్పుడల్లా ఒకే ప్రశ్న మళ్లీ లేస్తుంది: తోటలో, కళ్లంలో, మిల్లులో ఊరికే పోతున్నదాన్ని పులియబెట్టి కోడికి పెట్టలేమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ ప్రశ్నకు మిగతా చోట్ల లేని బలం ఉంది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల జీడితోటల్లో వేసవి పొడుగునా పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తారు. పండు బరువు పిక్కకు అయిదు నుంచి పది రెట్లు. అంటే సంతకు చేరే సరుకు కంటే తోటలో కుళ్లేదే ఎన్నో రెట్లు ఎక్కువ. దక్షిణాన సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వైపు వస్తే చేపల వేట ఊళ్లు, అక్కడ మిగిలే చేప తలలు, పొట్టలు. పొలాల్లో వరి, మొక్కజొన్న. కోడి మేతకు కావలసిన చక్కెర, పిండి, ప్రొటీన్ మూడూ ముప్పై నలభై కిలోమీటర్ల లోపే ఉన్నట్టు పైకి కనిపిస్తుంది.

ఉన్నమాట నిజమే. కానీ ఉన్నది కోడి ఒంటికి పట్టేదేనా, పట్టినా గిట్టుబాటవుతుందా అన్న దగ్గర వాదం చిక్కుపడింది. ఒకరు కిలో దాణా ధర చూస్తున్నారు, ఒకరు కిలో మాంసం ధర చూస్తున్నారు, మరొకరు కోడి పేగు ఆరోగ్యం చూస్తున్నారు. ముగ్గురూ ఒకే విషయం మాట్లాడుతున్నామనుకుంటున్నారు.

కుడితి గోలెం నుంచి కిణ్వన ట్యాంకు దాకా

పశువుకు పులిసిన మేత పెట్టడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు కలిపి పులిసిన కుడితి పాడి ఇంట ఉండేదే. పచ్చిమేతను గాలి చొరకుండా తొక్కి దాచే పాతర గడ్డి కూడా ఇదే పద్ధతి. అయితే ఈ అనుభవమంతా నెమరువేసే పశువుది. ఆవు పొట్టలో సూక్ష్మజీవులే పీచును శక్తిగా, చివరికి యూరియాను సైతం ప్రొటీన్‌గా మారుస్తాయి. కోడికి ఆ సదుపాయం లేదు. తిన్నది కొద్ది గంటల్లో బయటికి పోతుంది. పేగు చివర ఉండే రెండు గుడ్డి సంచుల్లో కొంత పీచు పులుస్తుంది కానీ దానివల్ల దక్కే శక్తి చాలా తక్కువ. పశువుల మేతలో గెలిచిన పద్ధతిని కోడికి దించుకోవడమే ఈ రంగంలో అన్నిటికంటే తరచుగా జరుగుతున్న పొరపాటు.

వ్యర్థం మీద సూక్ష్మజీవులను పెంచి మేత చేయాలన్న పారిశ్రామిక ప్రయత్నాలకు దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ కలప నుంచి తీసిన చక్కెర మీద టోరులా ఈస్ట్‌ను పెంచింది. 1970లలో ఫిన్లాండ్ కాగితపు మిల్లుల వ్యర్థ ద్రవం మీద శిలీంధ్రాన్ని పెంచి 'పెకిలో' పేరుతో మేతగా అమ్మింది. బ్రిటన్‌లో ఐసీఐ సంస్థ మిథనాల్ మీద బ్యాక్టీరియాను పెంచి 'ప్రుటీన్' తయారుచేసింది. శాస్త్రపరంగా ఇవి పనిచేశాయి. కానీ సోయా చెక్క చౌకగా దొరుకుతున్న మార్కెట్‌లో ప్రుటీన్ నిలబడలేకపోయింది.

మన దగ్గర బ్రాయిలర్ దాణా ప్రశ్న మొదలైంది పరిశ్రమ స్థాయి పెంపకంతోనే. 1971లో బి.వి. రావు హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ నెలకొల్పాక పెరటి కోడి పక్కన షెడ్డు కోడి లేచింది. దానితోపాటే లెక్కగట్టి కలిపే దాణా వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ 2007లో సవరించిన ప్రమాణం ప్రకారం బ్రాయిలర్ పిల్ల మొదటి వారం దాణాలో 23 శాతం, తర్వాత 22, చివరి దశలో 20 శాతం ప్రొటీన్ ఉండాలి. శక్తి కిలోకు 3000 నుంచి 3200 కిలో కేలరీలు. పీచు 5 శాతం దాటకూడదు. వ్యర్థాల మేత గురించి ఎవరు ఏం చెప్పినా దాటవలసిన గడప ఇదే.

2021లో సోయా చెక్క ధర కిలో వంద రూపాయల దరిదాపులకు చేరింది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఆ తర్వాత మొక్కజొన్న వంతు. పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం ఊపందుకోవడంతో కోళ్ల ఫారాలతో డిస్టిలరీలు పోటీకి దిగాయి. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతులకు వెళ్లింది. ఇప్పటి చర్చకు ఇదే నేపథ్యం.

వ్యర్థాలన్నీ ఒక గాటన కట్టలేం

పంట వ్యర్థం అన్న పేరు కింద ఏమాత్రం పోలిక లేని పదార్థాలు కలిసిపోయాయి. వరిగడ్డి, మొక్కజొన్న బెండ్లు, జీడి తొక్క ఒక వరస. వీటిలో ఉన్నది గట్టి పీచు. ఇంటి స్థాయి పులియబెట్టడంతో ఆ పీచు కోడికి అరిగే రూపానికి రాదు. పైగా జీడి తొక్కలో ఒంటిని పొక్కించే నూనె ఉంటుంది. ఆ తొక్క బాయిలర్లకూ నూనె మిల్లులకూ పోవలసిందే తప్ప మేత దరిదాపులకు రాకూడదు. పప్పు మీది ఎర్ర పొర కూడా టానిన్ల మయమే.

నూకలు, తవుడు రెండో వరస. నిజానికి ఇవి వ్యర్థాలే కావు, ధర పలికే సరుకులు. దాణా మిల్లులు వీటిని ఎప్పటినుంచో వాడుతున్నాయి. నూనె తీసిన తవుడులో 15 శాతం దాకా ప్రొటీన్ ఉన్నా పీచు, ఫైటేట్ ఎక్కువ. ఫైటేట్ భాస్వరాన్ని బంధించి కోడికి అందనివ్వదు. పులియబెట్టినప్పుడు ఆ బంధం కొంత విడుతుంది. ఇది బాగా నిర్ధారణ అయిన ప్రయోజనం. కానీ ఫైటేజ్ ఎంజైము కొద్దిపాటి మోతాదులో కలిపితే అదే పని జరుగుతుండడంతో పెద్ద మిల్లులకు దీనిమీద ఆసక్తి లేదు.

ఉద్దానానికి అసలు విషయం మూడో వరస: చక్కెర, నీరు ఎక్కువగా ఉన్న పండ్లు. పనస వ్యర్థం ఉంది, అన్నిటికంటే మించి జీడిపండు ఉంది. జీడిపండులో 85 శాతానికి పైగా నీరే. రసంలో పది శాతం అటూ ఇటూగా చక్కెర, నిమ్మజాతిని మించిన విటమిన్ సి, నోరు పట్టేసే టానిన్లు. రసం పిండేసిన పిప్పిని ఎండబెడితే ప్రొటీన్ ఏడెనిమిది నుంచి పది శాతం, అంటే సుమారుగా మొక్కజొన్నంత. అయితే మొక్కజొన్నలో ఉన్న శక్తి దీనిలో లేదు, మొక్కజొన్నలో లేనంత పీచు దీనిలో ఉంది. మొక్కజొన్న స్థానంలో దీన్ని తూకానికి తూకం వేస్తే బ్రాయిలర్ పెరుగుదల కుంటుపడుతుంది. ఈ మాట మీద పోషక శాస్త్రంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ఏ పులుపు?

చర్చలో తరచూ దాటేసే విషయం ఒకటుంది. పులియబెట్టడం ఒక్క పని కాదు. గాలి చొరకుండా బిగిస్తే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పుల్లదనం పెరిగి, పీహెచ్ 4 దగ్గరికి దిగితే సాల్మొనెల్లా వంటివి నిలవడం కష్టం. పదార్థం నెలల తరబడి నిలవుంటుంది, ప్రొటీన్ మాత్రం పెరగదు. గాలి లేని చోట ఈస్ట్ పెత్తనం సాగితే చక్కెర ఆల్కహాల్ అవుతుంది. గోవాలో జీడిపండు మద్యం ఫెనీ అలా వచ్చేదే, కోడికి దానితో పని లేదు. గాలి బాగా తగిలేలా పలచగా పరిచి ఈస్ట్‌నో, ఎంపిక చేసిన శిలీంధ్రాన్నో పెంచితే చక్కెర సూక్ష్మజీవి శరీరంగా మారి ప్రొటీన్ పెరుగుతుంది. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో జీడిపండు పిప్పి మీద ఈ మూడో దారిలో చాలా పరిశోధన జరిగింది. అక్కడి ఫలితాలు చూపించి ఇక్కడ నీలి డ్రమ్ముల్లో మూతబిగించి పులియబెడితే ఆ ఫలితాలు రావు, ఎందుకంటే జరుగుతున్నది మొదటి దారి.

కాగితం మీది ప్రొటీన్

పులియబెట్టాక ప్రొటీన్ ఇంత శాతం పెరిగింది అన్న వాక్యం ఈ రంగంలో ప్రతి నివేదికలోనూ కనిపిస్తుంది. దాన్ని విడమరచి చూడాలి.

వంద కిలోల ఎండు పిప్పిలో 8 శాతం ప్రొటీన్ ఉందనుకుందాం, అంటే 8 కిలోలు. పులిసేటప్పుడు చక్కెరలో కొంత బొగ్గుపులుసు గాలిగా పోతుంది. 20 కిలోలు అలా పోయాయనుకుంటే మిగిలిన 80 కిలోల్లోనూ ఉన్నది ఆ 8 కిలోలే. పరీక్షలో మాత్రం 10 శాతం అని వస్తుంది. శాతం పెరిగింది, ప్రొటీన్ పెరగలేదు, శక్తి తగ్గింది. నిజంగా కొత్త ప్రొటీన్ పుట్టాలంటే బయటినుంచి నత్రజని చేరాలి. అందుకే చాలా ప్రయోగాల్లో యూరియానో అమ్మోనియం లవణాన్నో కలుపుతారు. సూక్ష్మజీవులు దాన్నంతా తినేస్తే మంచిదే. తినగా మిగిలిన యూరియా కూడా పరీక్షలో ప్రొటీన్‌గానే లెక్కకొస్తుంది, ఎందుకంటే ప్రయోగశాల కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చించి ప్రొటీన్ అంటుంది. ఆవుకు కొంత ఉపయోగపడే ఆ యూరియా కోడికి దండగ, మోతాదు మించితే హాని. శిలీంధ్రాల కణగోడలోని నత్రజని సైతం కోడికి సరిగా అరగదు.

కాబట్టి మొత్తం నత్రజని కాక అసలు ప్రొటీన్ ఎంత, అందులో లైసిన్, మిథియోనిన్ ఎంత, కోడికి అరిగేది ఎంత అన్న మూడు అంకెలు లేని నివేదికను దాణా లెక్కలో వాడకూడదు. ఇది కఠినమైన మాటలా అనిపించవచ్చు. కానీ నష్టం వచ్చినప్పుడు భరించేది నివేదిక రాసినవారు కాదు, షెడ్డు రైతు.

మూడు వాదాలు

మొదటి వాదం ఖర్చు తగ్గించాలనేవారిది. చిన్న ఫారం రైతులు, స్వయం సహాయక సంఘాలతో పనిచేసే సంస్థలు ఎక్కువగా ఈ వైపు ఉంటారు. పడేసేదానికి ధర లేదు కనుక దాణాలో పది ఇరవై శాతం దానితో నింపినా మిగులే అన్నది వీరి లెక్క. వీరి బలం స్థానికత. బలహీనత ఏమిటంటే పోగుచేయడం, పిండడం, ఎండబెట్టడం, పాడవకుండా నిలవచేయడం, వీటన్నిటి కూలిని సున్నాగా వేసుకోవడం.

రెండో వాదం పోషక శాస్త్రవేత్తలది, దాణా మిల్లులది. నేటి బ్రాయిలర్ దాదాపు అయిదారు వారాల్లో రెండు కిలోలు దాటేలా తయారైన జాతి. దాని కడుపు చిన్నది, ఆకలి పెద్దది. ప్రతి ముద్దలోనూ చిక్కని శక్తి ఉంటేనే అది తన వేగం చూపిస్తుంది. పైగా ప్రతి బస్తా ఒకేలా ఉండాలి. ఈ తోట పండుకూ ఆ తోట పండుకూ, ఏప్రిల్ పండుకూ మే పండుకూ తేడా ఉన్న పదార్థాన్ని మిల్లు నమ్మలేదు. ఈ వాదంలో పస ఉంది. కానీ ఇక్కడ ఒక విషయం గుర్తుచేయాలి. ధాన్యం నుంచి ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్‌ను ఇవే మిల్లులు ఇప్పుడు సోయాకు ప్రత్యామ్నాయంగా కొంటున్నాయి. అది పులిసిన పంట శేషం కాక మరేమిటి? పులిసిన శేషం బ్రాయిలర్ దాణాకు పనికిరాదనడం సరికాదని దాణా మిల్లులే రుజువు చేశాయి. ఆరబెట్టే యంత్రం, నాణ్యత పరీక్ష, ఏడాది పొడవునా సరఫరా ఉంటే పనికొస్తుంది. ఆ మూడూ ఉద్దానంలో ఎవరు సమకూరుస్తారన్నదే ప్రశ్న.

మూడో వాదం కొత్తది, నా దృష్టిలో అన్నిటికంటే నిలకడైనది. పులిసిన మేతను ప్రొటీన్ కోసమో, శక్తి కోసమో కాక పేగు ఆరోగ్యం కోసం కొద్ది మోతాదులో వాడాలంటుంది ఇది. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరప్ 2006 జనవరి నుంచి, చైనా 2020 నుంచి నిషేధించాయి. మన దేశం 2019లో కొలిస్టిన్‌ను ఆహార పశువులకు వాడకుండా ఆపింది. యాంటీబయాటిక్ తీసేసిన చోట పేగులో చెడ్డ బ్యాక్టీరియాను అదుపులో పెట్టేది కావాలి. పులిసిన తడి దాణా తిన్న బ్రాయిలర్లలో సాల్మొనెల్లా సోకడం తగ్గిందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2000ల తొలినాళ్లలోనే చూపించారు. చైనాలో పులియబెట్టిన సోయా చెక్క ఇప్పుడు మామూలు సరుకు. అయితే ఈ వాదానికి దొరికిన ఆధారాల్లో చాలా భాగం పందుల పెంపకం నుంచి, అందులోనూ డెన్మార్క్ తడి మేత అనుభవం నుంచి వచ్చింది. కోళ్లలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. తడి దాణాతో కొన్నిచోట్ల పెరుగుదల మెరుగైంది, కొన్నిచోట్ల కోడి తిన్న ఎండు పదార్థమే తగ్గి బరువు పడిపోయింది.

ఈ మూడింటికీ పక్కన నిలిచే మాట మరొకటుంది: మేతను మార్చే బదులు కోడిని మార్చండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతులు తిరిగి తింటాయి, పీచును బ్రాయిలర్ కంటే బాగా ఓర్చుకుంటాయి. నెమ్మదిగా పెరుగుతాయి కనుక దాణాలో లోటు వాటిని అంతగా దెబ్బతీయదు. జీడిపండు పిప్పికి సహజమైన చోటు ముందు ఈ కోళ్లే. బ్రాయిలర్ గురించి వాదిస్తూ ఈ తేలిక దారిని వదిలేయడం దూరదృష్టి కాదు.

చౌక అంటే ఏ లెక్కన?

ఉదాహరణకు కిలో దాణా 40 రూపాయలు, కిలో బరువు పెరగడానికి 1.7 కిలోల దాణా పడుతుందనుకుందాం. కిలో కోడికి దాణా ఖర్చు 68 రూపాయలు. వ్యర్థం కలిపి దాణాను 37 రూపాయలకు దించాం, కానీ ఇప్పుడు 1.95 కిలోలు పడుతోంది. ఖర్చు 72 రూపాయలు దాటింది. బస్తా చౌకైంది, కోడి ఖరీదైంది. బ్యాచ్ నాలుగైదు రోజులు ఆలస్యమైతే ఆ నష్టం వేరు. అందుకే కిలో బరువుకు అయిన దాణా ఖర్చు తప్ప మరే కొలతా ఇక్కడ పనికిరాదు.

దీనికంటే ముందు అడగవలసిన ప్రశ్న: దాణా ఎవరిది? ఇంటిగ్రేషన్ పద్ధతిలో పిల్ల, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. కిలోకు ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ ముడుతుంది. ఆ ఒప్పందంలో ఉన్న రైతు సొంతంగా పిప్పి కలిపితే దాణా వాడకం లెక్క తప్పుతుంది, ఛార్జీలో కోత పడుతుంది, దాణా మీద మిగులు వచ్చినా అది కంపెనీకే. వ్యర్థాల మేత మీద రైతు శిక్షణలు నిర్వహించేవారు ఈ సంగతి చెప్పకుండా సాగడం న్యాయం కాదు. ఈ విషయంలో నిర్ణయం తీసుకోగలిగేది సొంతంగా దాణా కలుపుకునే కొద్దిమంది ఫారం యజమానులు, పెరటి కోళ్ల పెంపకందారులు మాత్రమే.

అలాంటివారికి ఎంత పండు కావాలి? వెయ్యి కోళ్ల బ్యాచ్‌కు సుమారు మూడున్నర టన్నుల దాణా పడుతుంది. అందులో 5 శాతం అంటే 175 కిలోల ఎండు పదార్థం. నీరూ, పులిసేటప్పుడు పోయేదీ తీసేస్తే దానికి టన్నున్నరకు పైగా పచ్చి పండు కావాలి. జీడితోటల విస్తీర్ణం ముందు ఇది ఎక్కువేమీ కాదు. చిక్కంతా సమయంతో ఉంది. రాలిన పండు ఒక్క రోజులో పాడవుతుంది, మట్టి అంటిన పండుకు బూజు పడుతుంది. ఏ రోజు పండును ఆ రోజే పిండి డ్రమ్ములో బిగించాలి. ఆ నెలల్లోనే పిక్కల ఏరుబడి ఉంటుంది, కూలీలు దొరకరు. 2018 అక్టోబరు 11న పలాస తీరాన్ని తాకిన తిత్లీ తుపానులో వేల ఎకరాల జీడి, కొబ్బరి నేలకూలింది. తిరిగి నాటిన తోటల ఈడు ఒకలా లేదు. పలాస–కాశీబుగ్గ పరిశ్రమ ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకునే పిక్కల మీద కూడా నడుస్తోంది కానీ ఆ పిక్కలతో పండు రాదు. మేతకు లెక్కలోకి వచ్చేది ఇక్కడి తోటల పండు ఒక్కటే.

భావనపాడు వైపు నుంచి మరో అవకాశం ఉంది. చేప వ్యర్థాన్ని లాక్టిక్ పద్ధతిలో పులియబెట్టాలంటే చక్కెర కావాలి. చేపలో అది లేదు కనుక మామూలుగా బెల్లం మడ్డి కలుపుతారు. ఆ చోట జీడిపండు రసం పనికొస్తే ఒక వ్యర్థం మరో వ్యర్థాన్ని నిలవచేస్తుంది, జీడిపండుకు లేని లైసిన్ చేప నుంచి వస్తుంది. పండులోని టానిన్ చేప ప్రొటీన్‌ను పట్టేస్తుందా అన్నది పరీక్షించి తేల్చాలి. ఎండుచేప పొట్టు జోలికి మాత్రం వెళ్లకూడదు. ఉప్పు పట్టించిన ఆ చేపలో ఉప్పు కోడి ఓర్చుకోలేనంత ఉంటుంది. కోడి నీళ్లు తెగ తాగుతుంది, లిట్టర్ తడుస్తుంది, రోగాలు మొదలవుతాయి. పచ్చి చేప మేతైనా అమ్మకానికి వారం పది రోజుల ముందు ఆపకపోతే మాంసానికి నీచు వాసన పడుతుంది.

బూజు విషయంలో రాజీ లేదు

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషం. అఫ్లాటాక్సిన్ ప్రపంచానికి తెలిసింది అలా. పులియబెట్టడానికి వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే మేలైన శిలీంధ్రానికి, ఆ విషం పుట్టించే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ దగ్గరి చుట్టం. తీరప్రాంతపు ఉక్కలో, మూత సరిగా లేని తొట్టిలో ఏది పెరిగిందో కంటితో చెప్పలేం. పులియబెడితే ఉన్న విషం పోతుందన్న ప్రచారాన్ని నమ్మకూడదు. డీడీజీఎస్‌లో ధాన్యపు పిండి పోయి మిగిలినది చిక్కబడడంతో విషం మూడు రెట్లు దాకా చిక్కబడుతుంది. బ్రాయిలర్ దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం.

ఉద్దానంలో ఈ జాగ్రత్తకు మరింత అర్థం ఉంది. ఇక్కడ ఎంతోమందిని పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. దానికీ కోడి మేతకూ సంబంధం ఉందని ఎవరూ అనడం లేదు, అనకూడదు కూడా. కానీ ఆక్రాటాక్సిన్ అనే బూజు విషం కోడి మూత్రపిండాలను దెబ్బతీస్తుందని తెలిసిందే. తాము తాగేది, తినేది ఎక్కడినుంచి వస్తుందని ఏళ్లుగా అడుగుతున్న ప్రజల మధ్య, పరీక్ష చేయని మేతతో పెంచిన కోడిని అమ్మడం తగదు.

మిగిలిన పని

ఇప్పటికి చెప్పగలిగింది ఇది. పులియబెట్టిన జీడిపండు మొక్కజొన్నకూ సోయాకూ ప్రత్యామ్నాయం కాదు. పెరటి కోళ్లకు మేతలో భాగంగా, సొంత దాణా కలుపుకునే బ్రాయిలర్ ఫారాల్లో తొలి రెండు వారాలు దాటాక 5 శాతం లోపు పరీక్షించదగిన పదార్థం. అంతకుమించి ఎవరు హామీ ఇచ్చినా రైతు కాగితాలు అడగాలి.

తేలనివి చాలానే ఉన్నాయి. మన రకాల పండులో పులిశాక టానిన్ ఎంత మిగులుతుంది? ఎండబెట్టి కలపడం లాభమా, తడిగానే పెట్టడమా? మే నెలలో పాతరేసిన పిప్పి డిసెంబరు బ్యాచ్ దాకా బూజు లేకుండా ఆగుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు బ్రెజిల్ నుంచి రాదు. పక్క జిల్లాలో గరివిడి పశువైద్య కళాశాల ఉంది, ఆముదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పలాసలో జీడి వ్యాపారుల సంఘటిత బలం ఉంది. ఒక సీజన్ పండు, రెండు మూడు బ్యాచ్‌ల కోళ్లు, కూలి ఖర్చుతో సహా రాసిన లెక్క, బూజు పరీక్ష ఫలితాలు చాలు. ఆ లెక్కలో నష్టం తేలినా సరే, తెలుగులో అచ్చువేసి రైతుల చేతికి ఇవ్వండి. జీడి కోత మార్చిలో మొదలవుతుంది. డ్రమ్ములు, పరీక్షలు, ఒప్పందాలు అంతకు ముందే సిద్ధం కావాలి.